ఒకే ప్రొటీన్, రెండు సీసాలు



ఈ పూట ఒక ప్రొటీన్ గురించి మాట్లాడుకుందాం. దాని పేరు కాస్త పొడుగు. రీకాంబినెంట్ మానవ టీఎన్‌ఎఫ్ రిసెప్టర్. పేరు వినగానే రేడియో కట్టేయకండి. మీ ఇంట్లో ఎవరికైనా కీళ్ళవాతం ఉంటే ఈ మాట ఏదో ఒకరోజు డాక్టరు గదిలో మీ చెవిన పడొచ్చు. మీ పిల్లలు కర్నూలులోనో హైదరాబాదులోనో బయోటెక్నాలజీ చదువుతుంటే, ఇలాంటి ప్రొటీన్లు వాళ్ళ చేతుల్లో రోజూ మెదిలే వస్తువులు.

ఈ ప్రొటీన్ రెండు రకాల సీసాల్లో దొరుకుతుంది. ఒక సీసా ప్రయోగశాలకు వెళ్తుంది. ఇంకో సీసా ఆసుపత్రికి వెళ్తుంది. ప్రయోగశాల సీసా మీద చిన్న అక్షరాలతో ఒక మాట ఉంటుంది. ‘పరిశోధనకు మాత్రమే’ అని. లోపలి సరుకు పేరు చూస్తే రెండింటిదీ దాదాపు ఒకటే. మరి ఒకటి మందెలా అయింది? ఇంకోటి ఎందుకు కాలేదు? ఈ పూట చెప్పదలచుకున్నది ఆ ఒక్క సంగతే.

ముందు రిసెప్టర్ అంటే ఏమిటో చూద్దాం. మన ఒంట్లో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపాలంటే చిన్న ప్రొటీన్ ఒకదాన్ని బయటికి వదుల్తుంది. ఆ కబురు అందుకోవడానికి అవతలి కణం పైపొరలో ఇంకో ప్రొటీన్ ఉంటుంది. దాన్నే రిసెప్టర్ అంటారు. దాని ఒక కొస కణానికి బయట ఉంటుంది. ఇంకో కొస లోపల ఉంటుంది. వచ్చిన కబురు బయటి కొసకు అతుక్కుంటుంది. వెంటనే లోపలి కొస కణాన్ని పనిలోకి దింపుతుంది. షుగరు ఉన్నవాళ్ళు వేసుకునే ఇన్సులిన్ ఇలాగే పనిచేస్తుంది. అది రక్తంలో తిరిగి, కండరాల కణాల మీద ఉన్న ఇన్సులిన్ రిసెప్టర్‌కు అతుక్కుంటుంది. అప్పుడు ఆ కణం రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటుంది. రిసెప్టర్ స్పందించకపోతే ఇన్సులిన్ ఎంత ఉన్నా కణం కదలదు.

ఇప్పుడు టీఎన్‌ఎఫ్ సంగతి. ఇది కూడా ఒక కబురే. 1975లో అమెరికా శాస్త్రవేత్తలు దీనికి ఆ పేరు పెట్టారు. ఒంట్లోకి రోగక్రిములు దిగినప్పుడు రక్షణ కణాలు టీఎన్‌ఎఫ్‌ను వదుల్తాయి. ఆ చోట వాపు వస్తుంది. వేడి వస్తుంది. మిగతా రక్షణ కణాలు అక్కడికి చేరతాయి. పని అయ్యాక టీఎన్‌ఎఫ్ తగ్గాలి. కానీ రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే కీళ్ళవాతంలో అది తగ్గదు. క్రిమి లేకపోయినా కీళ్ళలో ఊరుతూనే ఉంటుంది. పొద్దున లేవగానే చేతివేళ్ళు బిగుసుకుపోతాయి. జడ వేసుకోవడం కష్టం. బిందె ఎత్తడం కష్టం. ఆడవాళ్ళలో ఈ జబ్బు ఎక్కువ. వయసు మీద పడి మోకాలు అరిగితే వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. ఈ రెండింటినీ కలిపేసుకోకండి. ఇప్పుడు చెప్పబోయే మందు అరిగిన మోకాలికి పనికొచ్చేది కాదు.

అసలీ ప్రొటీన్‌ను ఎలా తయారు చేస్తారు? పేరులో ‘మానవ’ అని ఉంది కదా, మనిషి ఒంట్లోంచి తీస్తారా? చాలామంది అలాగే అనుకుంటారు. కాదు. దీన్ని చెప్పడానికి మనం ఎమ్మిగనూరు వెళ్దాం. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది.

జకార్డు మగ్గం చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మగ్గం మీద చిల్లులు పొడిచిన అట్టల దండ తిరుగుతూ ఉంటుంది. ఒక్కో అట్ట ఒక్కో పేక పోగుకు ఆజ్ఞ. చిల్లు ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది. లేనిచోట లేవదు. అట్టలు వరసగా తిరిగేకొద్దీ అంచులో పువ్వు పూస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పువ్వు ఏదో తేల్చేది అట్ట. మగ్గం కాదు. ఎమ్మిగనూరు అట్టల్ని తీసుకెళ్ళి గద్వాల మగ్గానికి బిగిస్తే, అక్కడా అదే పువ్వు పడుతుంది.

మన కణంలో జన్యువు ఆ అట్టల దండ. దాని మీద రాత ఉంటుంది. మూడు మూడు అక్షరాల చొప్పున చదువుకుంటూ కణం ఒక్కో అమైనో ఆమ్లాన్ని చేరుస్తుంది. అలా చేరిన వరసే ప్రొటీన్. మానవ టీఎన్‌ఎఫ్ రిసెప్టర్ అంటే, ఆ ప్రొటీన్ రాత మనిషిది. అల్లిన కణం వేరేది. మళ్ళీ చెప్తున్నాను. రాత మనిషిది, అల్లింది వేరే కణం. ఇలా ఒక జన్యువును తీసుకెళ్ళి వేరే కణంలో పెట్టి తీసిన ప్రొటీన్‌ను రీకాంబినెంట్ ప్రొటీన్ అంటారు.

ఆ వేరే కణం ఏది? మన టీఎన్‌ఎఫ్ రిసెప్టర్ మందు విషయంలో అది హామ్‌స్టర్ కణం. హామ్‌స్టర్ అంటే ఎలుకజాతి జంతువు. 1957లో అమెరికాలో ఒక చైనా హామ్‌స్టర్ అండాశయం నుంచి తీసిన కణాల సంతతి ఇప్పటికీ ప్రపంచమంతా పెరుగుతోంది. పెద్ద పెద్ద స్టీలు తొట్లలో వెచ్చగా, గాలి అందిస్తూ, పోషకాలు పోస్తూ పెంచుతారు. పరిశోధన సీసాల కోసం కొన్ని కంపెనీలు మనిషి కణాలు కూడా వాడతాయి. అవి ఎప్పుడో 1973లో తీసి, అప్పట్నుంచి గాజుపాత్రల్లో పెంచుకుంటూ వస్తున్నవి.

‘బాక్టీరియాలో చేస్తే చవక కదా?’ అని చదువుకునే పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. ఇన్సులిన్‌ను అలాగే చేశారు. 1978లో ఈకొలై బాక్టీరియాలో మానవ ఇన్సులిన్ తీశారు. 1982లో అది మందుగా వచ్చింది. అంతకుముందు పందుల నుంచి, ఆవుల నుంచి తీసిన ఇన్సులిన్ వాడేవారు. ఇన్సులిన్ చిన్న ప్రొటీన్ కాబట్టి సరిపోయింది. రిసెప్టర్ పెద్దది. అల్లిక అయ్యాక దాని మీద అక్కడక్కడా చక్కెర గొలుసులు కుట్టాలి. మగ్గం దిగిన బట్టకు మెరుగు పెట్టినట్టు. ఈకొలై మగ్గానికి ఆ మెరుగు పని రాదు. హామ్‌స్టర్ కణానికి వచ్చు.

ఇంకో సంగతి. రిసెప్టర్ మొత్తాన్ని అల్లరు. పైపొరలో పాతుకుపోయే ముక్కను, లోపలి కొసను అట్టల దండలోంచే తీసేస్తారు. బయటి కొసను మాత్రం ఉంచుతారు. ఎందుకు? పైపొరలో ఉండే భాగం కొవ్వులో కుదురుకునేది. నీళ్ళలో వేస్తే ఉండకడుతుంది. బయటి భాగం ఒక్కటే అయితే నీళ్ళలో చక్కగా కరుగుతుంది. టీఎన్‌ఎఫ్‌ను పట్టుకునేది కూడా అదే.

ఇక మొదటి సీసా. పరిశోధన సీసా. ఇందులో కంటికి ఆనీ ఆనని తెల్లటి పొడి ఉంటుంది. 50 మైక్రోగ్రాములు, 100 మైక్రోగ్రాములు, అంతే. దాన్ని ప్రయోగశాలలో ఉప్పునీటిలాంటి ద్రావణంలో కలుపుతారు. చిన్న చిన్న భాగాలు చేసి గడ్డకట్టించి దాచుకుంటారు. ఒక ప్లాస్టిక్ పలకలో 96 గుంటలు ఉంటాయి. గుంటల అడుగున రిసెప్టర్‌ను పూస్తారు. దాని మీద కొత్త రసాయనాన్ని పోసి కడుగుతారు. అతుక్కుందా, కొట్టుకుపోయిందా? రంగు మారితే అతుక్కున్నట్టు. అన్ని కొత్త మందుల కథా ఇలాంటి పలక మీద మొదలు కాకపోయినా, చాలావాటి కథలో ఇది వస్తుంది.

కోవిడ్ రోజుల్లో ఇలాంటి పరిశోధన సీసా ఒకటి ప్రపంచమంతా కావాల్సి వచ్చింది. ఏసీఈ2 అనే మానవ రిసెప్టర్ అది. మన కణాల మీద ఏసీఈ2 ఉంటుంది. కరోనా వైరస్ తన ముళ్ళతో దాన్ని పట్టుకునే లోపలికి దిగుతుంది. టీకా వేసుకున్నవాళ్ళ రక్తం ఆ పట్టును అడ్డుకుంటోందా లేదా చూడాలంటే గాజుపాత్రలో ఏసీఈ2 కావాలి. ప్రతిసారీ బతికున్న వైరస్‌తో పరీక్షించడం ప్రమాదం. అందుకే ఈ రిసెప్టర్ సీసాలు.

2022 మార్చిలో దేశమంతా 12 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు కార్బెవాక్స్ టీకా వేశారు, గుర్తుందా? మీ ఇంట్లో కూడా వేయించుకున్న పిల్లలు ఉంటారు. అది హైదరాబాదులోని బయలాజికల్ ఈ సంస్థ తయారు చేసింది. అమెరికాలోని బేలర్ వైద్య కళాశాల, టెక్సస్ చిల్డ్రన్స్ హాస్పిటల్ వాళ్ళ పరిశోధన దానికి ఆధారం. వైరస్ ముల్లులో ఏసీఈ2ను పట్టుకునే ముక్క ఉంది చూడండి, ఆ ముక్కనొక్కదాన్ని ఈస్ట్ కణాల్లో అల్లించి టీకా చేశారు. అదీ రీకాంబినెంట్ ప్రొటీనే.

ఈ ఏసీఈ2 వైరస్‌కు దారి అని కనిపెట్టిన కథలో నాకు బాగా నచ్చే మనిషి ఒకాయన ఉన్నారు. వెన్‌హుయ్ లీ. చైనా శాస్త్రవేత్త. 2003లో పాత సార్స్ వైరస్ ఏ రిసెప్టర్ ద్వారా లోపలికి పోతుందో అమెరికాలో ఉండగా తేల్చినవాళ్ళలో ముఖ్యుడు. తర్వాత బీజింగ్ వెళ్ళారు. 2012లో ఆయన బృందం హెపటైటిస్ బి వైరస్ రిసెప్టర్‌ను పట్టుకుంది. అది కాలేయ కణాల మీద ఉండే ఎన్‌టీసీపీ. కామెర్ల జబ్బుల్లో ఎన్నో కుటుంబాలను కుంగదీసిన వైరస్ అది. అది ఏ దారిన లోపలికి పోతుందో ప్రపంచానికి అప్పటిదాకా తెలియదు.

హెపటైటిస్ బి అనగానే మన తెలుగువాళ్ళకు గుర్తు రావాల్సిన పేరు శాంతా బయోటెక్నిక్స్. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డిగారు ఎలక్ట్రానిక్స్ చదువుకున్న మనిషి. బ్యాటరీల కంపెనీలో పనిచేశారు. జీవశాస్త్రం ఆయన చదువు కాదు. అప్పట్లో హెపటైటిస్ బి టీకా విదేశాల నుంచి వచ్చేది. ఒక డోసుకే వందల రూపాయలు. 1993లో తల్లి శాంతమ్మగారి పేరు మీద కంపెనీ పెట్టారు. మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో చోటు తీసుకుని పని సాగించారు. వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువును ఈస్ట్ కణంలో పెట్టి అల్లించారు. 1997 ఆగస్టులో టీకా బయటికి వచ్చింది. భారతదేశంలో తయారైన మొట్టమొదటి రీకాంబినెంట్ టీకా అది. అప్పట్లో దాని ధర దాదాపు 50 రూపాయలు.

1993 నుంచి 1997. నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో ప్రొటీన్‌ను తీయడం ఒక భాగమే. ప్రతి తడవా అదే ప్రొటీన్, అదే శుద్ధితో వస్తోందా? జంతువుల్లో హాని లేదా? మనుషుల్లో రక్షణ ఇస్తోందా? ఎన్నాళ్ళు నిల్వ ఉంటుంది? వీటన్నిటికీ కాగితం మీద రుజువు కావాలి. మొదటి సీసాకూ రెండో సీసాకూ మధ్య ఉన్న దూరం ఈ రుజువులే. పేరు ఒకటే. రుజువు వేరు.

మళ్ళీ మన టీఎన్‌ఎఫ్ రిసెప్టర్ దగ్గరికి వద్దాం. దాని రెండో సీసా, అంటే మందు సీసా, పేరు ఎటానర్‌సెప్ట్. 1998 నవంబరులో అమెరికాలో కీళ్ళవాతానికి అనుమతి వచ్చింది. రెండు రిసెప్టర్ ముక్కల్ని మానవ యాంటీబాడీ తోకకు కలిపి అల్లించినది అది. తోక ఎందుకంటే, ఒంట్లో ఎక్కువ రోజులు నిలవడానికి. చర్మం కింద సూది వేసుకుంటే, ఎక్కువైన టీఎన్‌ఎఫ్ వెళ్ళి దీనికి అతుక్కుంటుంది. కణం మీది అసలు రిసెప్టర్ దాకా చేరదు. కీళ్ళలో వాపు తగ్గుతుంది. మన దేశంలోనూ దీని తరహా మందులు తయారవుతున్నాయి.

ఇదంతా విన్నాక, టీఎన్‌ఎఫ్‌ను ఆపడం ఎప్పుడూ మంచిదే అనిపిస్తుంది. అక్కడే పొరబడతాం. కీళ్ళవాతానికి అనుమతి రాకముందు ఇదే ప్రొటీన్‌ను ఇంకో జబ్బులో పరీక్షించారు. రక్తానికి ఇన్‌ఫెక్షన్ పాకి, రక్తపోటు పడిపోయి, మనిషి ప్రాణం మీదికి వచ్చే స్థితి. దాన్ని సెప్టిక్ షాక్ అంటారు. అందులో టీఎన్‌ఎఫ్ విపరీతంగా పెరుగుతుంది. దాన్ని పట్టేస్తే మనిషి బతుకుతాడని లెక్క. కాగితం మీద లెక్క బాగానే ఉంది. 141 మంది రోగుల్లో పరీక్షించి, 1996లో ఫలితం ప్రకటించారు. మందు లేనివాళ్ళలో నూటికి 30 మంది చనిపోయారు. ఎక్కువ మోతాదు ఇచ్చినవాళ్ళలో నూటికి 53 మంది. మోతాదు పెరిగితే మరణాలు పెరిగాయి.

అదే ప్రొటీన్. ఒక జబ్బులో ఆసరా, ఇంకో జబ్బులో హాని. గాజుపాత్రలో చూస్తే రెండుచోట్లా చేసిన పని ఒకటే. టీఎన్‌ఎఫ్‌ను పట్టుకుంది, అంతే. మనిషిలో ఏం జరుగుతుందో గాజుపాత్ర చెప్పలేదు. పరీక్ష పెట్టిన డాక్టర్లు ఆ ఫలితాన్ని దాచకుండా అచ్చు వేశారు. దానికి వాళ్ళను మెచ్చుకోవాలి.

కోవిడ్‌లోనూ ఇలాంటిదే జరిగింది. ఏసీఈ2 రిసెప్టర్‌నే మందుగా ఇస్తే వైరస్ దానికి అతుక్కుని కణాల్ని వదిలేస్తుందని ఆస్ట్రియాలో ఒక కంపెనీ 2020లో యూరప్ రోగుల్లో పరీక్ష చేసింది. గాజుపాత్రలో బ్రహ్మాండంగా పనిచేసింది. రోగుల్లో అనుకున్న ముఖ్య ఫలితం లెక్కకు నిలబడలేదు.

అయినా కొందరికి ఒక ఆలోచన వస్తుంది. ‘పరిశోధన సీసాలో ఉన్నది అదే ప్రొటీన్ కదా, కంప్యూటర్లో ఆర్డరు పెడితే ఇంటికే వస్తుంది, అదే వేసుకుంటే?’ ఒక్క లెక్క చెప్తాను. ఎటానర్‌సెప్ట్ పెద్దవాళ్ళకు వారానికి 50 మిల్లీగ్రాములు. పరిశోధన సీసాలో 100 మైక్రోగ్రాములు. ఒక్క వారం మోతాదుకు 500 సీసాలు కావాలి. డబ్బు సంగతి పక్కన పెట్టండి. పరిశోధన సీసాను ఒంట్లోకి ఎక్కించడానికి చేయలేదు. 95 శాతం శుద్ధి అని రాసి ఉంటే ప్రయోగశాలకు అది చాలు. మిగిలిన 5 శాతంలో ఏముందో రక్తానికి ముఖ్యం. బాక్టీరియా పైపొర తునకలు ఉండొచ్చు. వాటిని ఎండోటాక్సిన్ అంటారు. నలుసంత కూడా అక్కర్లేదు, చలిజ్వరం తెప్పించడానికి. గాజుపాత్రకు జ్వరం రాదు కదా.

మచ్చు ముక్క చూసి బట్ట నాణ్యం తెలుసుకుంటాం. మచ్చు ముక్కను కట్టుకుని పెళ్ళికి వెళ్ళం. పరిశోధన సీసా అలాంటి మచ్చు. కాబట్టి ఎవరైనా ఫోనులో సందేశం పంపి, విదేశీ ప్రొటీన్ అనో, మానవ రిసెప్టర్ అనో, పెప్టైడ్ అనో అమ్మజూపితే, ముందు సీసా మీద రాత చదవండి. ‘పరిశోధనకు మాత్రమే’ అని ఉందా? అయితే అది మీకోసం కాదు. మన దేశంలో మందు అని అమ్మాలంటే దానికి తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ ఉండాలి. కొత్త మందుకైతే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉండాలి.

బయోటెక్నాలజీ చదివే పిల్లలకు ఒక్క మాట. మీరు వాడే రిసెప్టర్ సీసాను పదేపదే కరిగించి, గడ్డకట్టించి, మళ్ళీ కరిగించకండి. అల్లిక మడత విప్పుకుంటుంది. బరువు చూస్తే అంతే ఉంటుంది, పట్టుకునే గుణం పోతుంది. ఫలితం రాకపోతే కొత్త మందును తప్పుపట్టే ముందు మీ సీసా బతికుందో లేదో చూసుకోండి.

ఇక కీళ్ళవాతానికి ఈ మందు మొదలుపెట్టబోయేవాళ్ళకు. ఆదోని నుంచి, ఎమ్మిగనూరు నుంచి, మంత్రాలయం నుంచి కర్నూలుకో, బళ్ళారికో, రాయచూరుకో వెళ్తారు. అక్కడ డాక్టరు మందు రాసే ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించమంటారు. క్షయ పరీక్ష చేయించమంటారు. ‘నొప్పి వేళ్ళలో ఉంటే ఛాతీకి ఎక్స్‌రే ఎందుకు?’ అని విసుక్కోకండి. క్షయ క్రిమి చాలామందిలో జబ్బు చేయకుండా నిద్రలో ఉంటుంది. దాన్ని చుట్టుముట్టి కట్టడి చేసే పనిలో టీఎన్‌ఎఫ్‌కు పెద్ద పాత్ర ఉంది. టీఎన్‌ఎఫ్‌ను పట్టేస్తే ఆ కట్టడి సడలుతుంది. క్రిమి లేస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా క్షయ వచ్చి ఉంటే దాచకుండా చెప్పండి. హెపటైటిస్ బి రక్తపరీక్ష కూడా అడుగుతారు. అదీ చేయించుకోండి.

మందు తీసుకుని బస్సులో వచ్చేటప్పుడు మన ఎండలు గుర్తుపెట్టుకోండి. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఐసు పెట్టిన డబ్బాలో తెచ్చుకోండి. కానీ మందు నేరుగా ఐసుకు తగలకూడదు. మధ్యలో గుడ్డ చుట్టండి. ఇంటికి వచ్చాక ఫ్రిజ్ మామూలు అరలో పెట్టండి. పైన ఐసు కట్టే అరలో వద్దు. సీసాను కుదిపి ఊపొద్దు. ఒకవేళ గడ్డకట్టిపోతే, కరిగాక చూడ్డానికి అది మామూలుగానే ఉండొచ్చు. అయినా వేసుకోకండి. డాక్టరుకు చెప్పి వేరేది తీసుకోండి.